మేష్టారు వర్కర్ కాకపోతే మరెవరు? బెంగళూరు క్యాంపస్‌లలో ఉద్యోగ హక్కుల చిక్కుముడి

2019 వేసవి సెలవుల్లో బెంగళూరులోని ఒక ప్రైవేటు కాలేజీ ఒకే వారంలో ఇద్దరిని తీసేసింది. ఒకరు ల్యాబ్ అటెండరు, హిందూపురం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. ఇంకొకరు అదే ల్యాబ్‌లో పిల్లలకు పాఠం చెప్పే అసిస్టెంట్ ప్రొఫెసరు, మదనపల్లె ఆయన. ఇద్దరికీ కాగితం ఏదీ ఇవ్వలేదు. "రేపట్నుంచి రావొద్దు" అని నోటిమాటతో పంపేశారు. నేను అప్పట్లో అక్కడే పనిచేసేవాణ్ణి.

రెండు వారాలు చూసి, ఇద్దరినీ వెంటబెట్టుకుని బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక శాఖ ఆఫీసుకు, అంటే కార్మిక భవనానికి వెళ్లాను. అక్కడి అధికారి అటెండరు చెప్పింది అంతా విన్నాడు. ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పాడు. తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగి చాలా మర్యాదగా, "మేష్ట్రే, మీరు వర్క్‌మన్ కాదు. మీ కేసు మా దగ్గర నడవదు" అన్నాడు. కన్నడలో మాస్టారిని మేష్ట్రు అంటారు. ఆ పిలుపులో గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఆయన్ని బయటికి పంపారు.

అటెండరు ఏడు నెలల తర్వాత తిరిగి పనిలో చేరాడు. మేష్టారు చేరలేదు.

యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఈ ఊర్లో చాలామందే ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి వచ్చి పాఠాలు చెప్పేవాళ్లు, ఆఫీసుల్లో గుమాస్తాలు, బస్సు డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు. అందరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్తారు. కానీ చట్టం ఒక్కొక్కరిని ఒక్కో తలుపు దగ్గర నిలబెడుతుంది. ఎవరి తలుపు ఎక్కడుందో తెలియక పుణ్యకాలం గడిచిపోయినవాళ్లను నేను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు గడపలు

ఉద్యోగం పోయినవాణ్ణి మళ్లీ అదే కుర్చీలో కూర్చోబెట్టగల బలం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి ఉండేది. అయితే దాని దగ్గరికి చేరాలంటే రెండు గడపలు దాటాలి. పనిచేసే చోటు 'ఇండస్ట్రీ' అయ్యుండాలి. పనిచేసే మనిషి 'వర్క్‌మన్' అయ్యుండాలి.

మొదటి గడప దగ్గర చాలాకాలం గొడవ నడిచింది. 1963లో ఢిల్లీ యూనివర్సిటీ బస్సు డ్రైవర్ల కేసులో సుప్రీంకోర్టు, యూనివర్సిటీ ఇండస్ట్రీ కాదు పొమ్మంది. పాఠాలు చెప్పడం ప్రధానమైన పని, బస్సు నడపడం దాని పక్కన చిన్న పని, కాబట్టి డ్రైవర్లకు కూడా ఆ చట్టం వర్తించదని చెప్పింది. ఈ తీర్పును తిరగరాసిన కేసు మన బెంగళూరుదే. ఊరికి కావేరి నీళ్లు పంపే జల మండలి కొందరు ఉద్యోగులకు జరిమానాలు వేసింది. వాళ్లు లేబర్ కోర్టుకు వెళితే, 'మేం ఇండస్ట్రీ కాదు' అని మండలి వాదించింది. 1978 ఫిబ్రవరి 21న ఏడుగురు న్యాయమూర్తుల బెంచ్ తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఒక పద్ధతి ప్రకారం పని జరుగుతూ, యజమాని, ఉద్యోగి కలిసి జనానికి కావలసిన వస్తువో సేవో అందిస్తుంటే అది ఇండస్ట్రీయే, లాభం కోసం చేస్తున్నారా లేదా అన్నది లెక్కలోకి రాదు అన్నారు. ఆసుపత్రులు, క్లబ్బులు, యూనివర్సిటీలు అన్నీ అందులోకి వచ్చాయి. మా అటెండరుకు తలుపు తెరుచుకుంది ఆ తీర్పు వల్లే.

1982లో పార్లమెంటు ఈ నిర్వచనాన్ని కుదించి విద్యాసంస్థలను బయట పెట్టాలని సవరణ చేసింది గానీ, దాన్ని అమల్లోకి తీసుకురాలేదు. 2017లో ఈ మొత్తం ప్రశ్నను తొమ్మిది మంది న్యాయమూర్తుల బెంచ్‌కు పంపారు.

రెండో గడప దగ్గరే మేష్టార్లు ఆగిపోయారు. 1988లో గోవాకు చెందిన ఒక స్కూలు టీచరమ్మ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్కూలు ఇండస్ట్రీయేనని కోర్టు ఒప్పుకుంది. కానీ వర్క్‌మన్ అంటే చేతిపనో, నైపుణ్యం ఉన్న పనో, లేని పనో, సాంకేతిక పనో, గుమాస్తా పనో, పర్యవేక్షణో చేసేవాడు. చదువు చెప్పడం వీటిలో ఏదీ కాదు, అది ఉదాత్తమైన వృత్తి అని చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో దేశంలోని టీచర్లు, లెక్చరర్లు, ప్రొఫెసర్లు అందరూ లేబర్ కోర్టు బయటే ఉండిపోయారు.

ఈ తర్కాన్ని నేను ఒప్పుకోలేను. మా మేష్టారి రోజు ఎలా గడిచేదో నాకు తెలుసు. పొద్దున ఎనిమిదిన్నరకు బయోమెట్రిక్‌లో వేలు పెట్టాలి, పది నిమిషాలు దాటితే సగం రోజు జీతం పోతుంది. నాలుగు క్లాసులు, ఒక ల్యాబ్. హాజరు పోర్టల్‌లో ఎక్కించాలి. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తుందంటే నెలల తరబడి ఫైళ్లు తయారు చేయాలి. పరీక్షలప్పుడు ఇన్విజిలేషన్. ఏప్రిల్ వస్తే అడ్మిషన్ల టార్గెట్: ఇంటర్ పాసైన పిల్లల ఫోన్ నంబర్ల జాబితా చేతికిచ్చి, మీ జిల్లా వాళ్లకు తెలుగులో మాట్లాడి పట్టుకురండి అనేవారు. అన్నిటి మధ్య పాఠం చెప్పేది రోజుకు మూడు గంటలు. మిగతా పనంతా గుమాస్తా పనే. జీతం కోసేటప్పుడు ఆయన్ని కూలీగానే చూశారు. న్యాయం అడిగినప్పుడు మాత్రం గురువు అయ్యాడు.

దీని ఫలితం చిన్నది కాదు. ప్రైవేటు ఉద్యోగ ఒప్పందాన్ని బలవంతంగా కొనసాగించమని సివిల్ కోర్టు సాధారణంగా చెప్పదు. 1976లో ఒక డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేస్తూ మూడే మినహాయింపులు ఇచ్చింది: రాజ్యాంగ రక్షణ ఉన్న ప్రభుత్వోద్యోగి, పారిశ్రామిక చట్టం కింద వచ్చే కార్మికుడు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఆ చట్టాన్నే ఉల్లంఘించినప్పుడు దాని ఉద్యోగి. ఈ మూడింటిలోకీ రాని లెక్చరరుకు, వేరే ప్రత్యేక చట్టం ఏదీ ఆదుకోకపోతే, నష్టపరిహారమే దిక్కు. కుర్చీ తిరిగి రాదు.

కొత్త కోడ్‌తో ఏం మారింది

2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక వివాదాల చట్టం, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం మూడూ కలిసి పారిశ్రామిక సంబంధాల కోడ్ అయ్యాయి. వర్క్‌మన్ పోయి 'వర్కర్' వచ్చాడు. నిర్వచనం మాత్రం దాదాపు పాతదే. పాఠం చెప్పేవాళ్ల పేరు అందులో ఎక్కడా లేదు.

నాకు టెన్షన్ పెడుతున్నది ఇండస్ట్రీ నిర్వచనంలో వచ్చిన ఒక మాట. పూర్తిగా గానీ, చాలావరకు గానీ ధర్మకార్యాలు, సామాజిక సేవ చేసే సంస్థలు నడిపే విద్యాలయాలైనా ఆసుపత్రులైనా ఇండస్ట్రీ కిందికి రావని కోడ్ అంటోంది. మన దేశంలో ప్రైవేటు యూనివర్సిటీ పెట్టాలంటే దాని వెనక ఒక ట్రస్టో, సొసైటీయో, లాభాపేక్ష లేని కంపెనీయో ఉండాలి. లక్షల్లో ఫీజులు తీసుకునే సంస్థ కూడా కాగితం మీద ట్రస్టే. 'మాది ధర్మసంస్థ, మాకు ఈ కోడ్ వర్తించదు' అని రేపు యాజమాన్యాలు వాదిస్తే, మేష్టార్లతో పాటు అటెండర్లు, డ్రైవర్లు కూడా బయట పడే ప్రమాదం ఉంది. ట్రస్టు అనే పేరును కాకుండా, అక్కడ నిజంగా జరుగుతున్నది సేవా, లేక వ్యాపారమా అన్నది కోర్టులు చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంకో మార్పు గడువు. తీసేసిన కార్మికుడు రాజీ అధికారి దగ్గర అర్జీ పెట్టి, 45 రోజులు గడిచాక నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అయితే తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపే వెళ్లాలి. పాత చట్టంలో ఇది మూడేళ్లు.

మేష్టార్లకు ఉన్న తలుపులు

లేబర్ కోర్టు లేదంటే ఏమీ లేదని కాదు. కర్ణాటకలో టీచరు, లెక్చరరు వెళ్లగల చోటు ఒకటుంది: ఎడ్యుకేషనల్ అప్పిలేట్ ట్రిబ్యునల్. 1975 నాటి ప్రైవేటు విద్యాసంస్థల క్రమశిక్షణ, నియంత్రణ చట్టంలో, 1983 నాటి కర్ణాటక విద్యా చట్టంలో దీనికి చోటుంది. విచారణ జరపకుండా ఉద్యోగిని తీసేయకూడదని ఆ చట్టాలు చెబుతాయి. తీసేస్తే, ఉత్తర్వు అందిన మూడు నెలల్లోపు ఈ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి.

ఆ మూడు నెలలే మా మేష్టారిని దెబ్బతీశాయి. 'కొత్త సెమిస్టర్‌లో చూద్దాం' అని ఒకసారి, 'చైర్మన్ ఊర్లో లేరు' అని ఒకసారి, మేనేజ్‌మెంట్ మాటలు నమ్మి ఆగస్టు దాకా ఎదురుచూశాడు. పెద్దవాళ్ల మీద కోర్టుకు వెళ్తే ఇంకో కాలేజీ ఉద్యోగం ఇవ్వదేమో అన్న భయం కూడా ఉంది. లాయరు దగ్గరికి వెళ్లేసరికి గడువు దాటిపోయింది.

2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల బెంచ్ ప్రైవేటు సంస్థలకు స్వేచ్ఛ ఇస్తూనే, ఉద్యోగులు నగరానికి పరుగెత్తే అవసరం లేకుండా జిల్లా స్థాయిలో విద్యా ట్రిబ్యునళ్లు ఉండాలని చెప్పింది. అదీ కర్ణాటక నుంచి వెళ్లిన కేసే. తీర్పు ఇచ్చిన స్వేచ్ఛను యాజమాన్యాలు వెంటనే అందుకున్నాయి. ట్రిబ్యునల్ అనేది ఒకటుందని మాత్రం మన లెక్చరర్లలో చాలామందికి ఈ రోజుకీ తెలియదు.

ఇక మీరు పనిచేసేది ఎలాంటి సంస్థ అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. జ్ఞానభారతిలోని బెంగళూరు యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీ అయితే, రాజ్యాంగం దృష్టిలో అది ప్రభుత్వంతో సమానం. 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. డీమ్డ్ యూనివర్సిటీలకు, అంటే కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలకు, 1983 విద్యా చట్టం వర్తించదు. కానీ 2015లో చెన్నైకి చెందిన ఎస్ఆర్ఎం డీమ్డ్ యూనివర్సిటీ మీద ఒక లెక్చరరు వేసిన కేసులో, అది చేసేది ప్రజలకు సంబంధించిన పని కాబట్టి రిట్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ఇంకో కేసులో ఆ దారిని కొంత ఇరుకు చేసింది: ప్రైవేటు విద్యాసంస్థ మీద రిట్ వేయొచ్చు గానీ, మామూలు ఉద్యోగ ఒప్పందం తగాదాకు అది పనికిరాదు, ప్రజా చట్టంతో ముడిపడిన అంశం ఉండాలి అంది. రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీలకైతే ఒక్కొక్కదానికి శాసనసభ చేసిన ప్రత్యేక చట్టం ఉంది. అందులో ఉద్యోగుల నియమాలు, అప్పీళ్ల గురించి ఏం రాశారో చూడకుండా లాయరుకు ఫీజు కట్టకండి. ఆ చట్టం కాపీ ఎవరికైనా దొరుకుతుంది.

పదిహేనేళ్ల అతిథులు

కర్ణాటక ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లను 'అతిథి ఉపన్యాసకులు' అంటారు. పది, పదిహేనేళ్లు ఒకే కాలేజీలో పాఠం చెప్పినవాళ్లు కూడా అతిథులే. జీతం అనరు, గౌరవధనం అంటారు. 2021 దాకా ఆ గౌరవధనం నెలకు 11,000, అర్హతలు ఉంటే 13,000 రూపాయలు. యూజీసీ 2019 జనవరిలోనే గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక్కో క్లాసుకు 1,500, నెలకు 50,000 దాకా ఇవ్వమని చెప్పి ఉంది. 2021 చివర్లో వాళ్లు తరగతులు ఆపి రోడ్డెక్కారు. 2022 జనవరిలో ప్రభుత్వం అర్హత, సర్వీసును బట్టి 26,000 నుంచి 32,000 దాకా పెంచింది. దాంతో పాటు ఒక్కొక్కరి పనిగంటలూ పెంచింది, అందువల్ల కొందరికి చోటు లేకుండా పోయింది. సంఘం సాధించింది ఏమిటో, చేజారింది ఏమిటో రెండూ చెప్పుకోవాలి.

పర్మనెంట్ చేయమని అడిగితే ఎదురుగా వచ్చే పేరు ఉమాదేవి కేసు. 2006 ఏప్రిల్ 10 నాటి ఈ తీర్పు కూడా కర్ణాటక ప్రభుత్వంలో దినకూలీ మీద పనిచేసినవాళ్ల గురించే. సరైన నియామక పద్ధతి లేకుండా వచ్చినవాళ్లకు ఎన్నేళ్లు పనిచేసినా పర్మనెంట్ హక్కు రాదని అయిదుగురు న్యాయమూర్తులు చెప్పారు. పదేళ్లు దాటినవాళ్లను ఒక్కసారికి పరిశీలించమని కూడా అదే తీర్పులో ఉంది. ప్రభుత్వాలు మొదటి సగాన్ని గుర్తుపెట్టుకుని రెండో సగాన్ని మరిచాయి. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఈ ధోరణిని తప్పుపట్టింది. ఏళ్ల తరబడి అవసరమైన పని చేయించుకుని, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని గెంటేయడం కుదరదంది.

పర్మనెంట్ వేరు, సమాన జీతం వేరు. ఇది కలిపేసుకుని చాలామంది నష్టపోతున్నారు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి కనీస పేస్కేలు ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో అదే సూత్రాన్ని అధ్యాపకులకు వర్తింపజేసింది. సర్కారు కాలేజీలో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు మొదట అడగాల్సింది ఇదని నా అభిప్రాయం.

చీపురు పట్టిన చేతులు

క్యాంపస్‌లో తెల్లవారకముందే వచ్చేది హౌస్‌కీపింగ్ వాళ్లు. ఈ ఊర్లో ఊడ్చే పనిలో తెలుగు మాట్లాడే దళిత ఆడవాళ్లు ఎంతోమంది. వాళ్ల ఐడీ కార్డు మీద యూనివర్సిటీ పేరు ఉండదు, ఏజెన్సీ పేరు ఉంటుంది. 'మా మనుషులు కాదు, ఏజెన్సీని అడగండి' అనేది యూనివర్సిటీ సమాధానం. చట్టం అలా అనదు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే అసలు యజమాని, అంటే యూనివర్సిటీయే చెల్లించాలి. పీఎఫ్ విషయంలోనూ అంతే. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి.

అయితే కొత్త కోడ్‌లలో ఇంకోటైన భద్రత, పని పరిస్థితుల కోడ్‌లో ఒక చేదు ఉంది. సంస్థ అసలు పనుల్లో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదు అంటూనే, శుభ్రపరిచే పని, కాపలా, క్యాంటీన్ లాంటివాటిని అసలు పనుల జాబితా నుంచి తప్పించారు. ఆ అధ్యాయం వర్తించాలంటే కాంట్రాక్టు కూలీలు కనీసం 50 మంది ఉండాలి. ఇదివరకు 20 మంది ఉంటే చాలు. అంటే చిన్న చిన్న ఏజెన్సీలుగా విడగొట్టి పెట్టుకుంటే తప్పించుకునే వీలుంది.

అయినా ఈ ఊరి పౌరకార్మికులను, అంటే వీధులు ఊడ్చేవాళ్లను చూస్తే నాకు ధైర్యం వస్తుంది. 2022 జూలైలో చీపుర్లు పక్కన పెట్టి ఫ్రీడం పార్కులో కూర్చుని పర్మనెంట్ చేయమని అడిగారు. ప్రభుత్వం దిగివచ్చి మాట ఇచ్చింది. వాళ్లకు అది తెచ్చిపెట్టింది ఏ డిగ్రీయో కాదు, సంఘం.

సంఘంలో చేరొచ్చా?

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. 'మనం వర్కర్లం కాదు కదా, యూనియన్ పెట్టుకోకూడదు' అని లెక్చరర్లే నాతో అన్నారు. అది పొరపాటు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. వివాదాల కోసం వర్కర్ అన్న మాటకు ఇరుకైన అర్థం ఉంది. యూనియన్ నమోదు కోసం మాత్రం పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ మాటకు వెడల్పైన అర్థం ఇచ్చింది, వ్యాపారంలోనో పరిశ్రమలోనో పనిచేసే వాళ్లందరూ అని. టీచర్ల విషయంలో రిజిస్ట్రారు అభ్యంతరం పెట్టొచ్చు, వాదించాల్సి రావొచ్చు. అందుకే చాలా అధ్యాపక సంఘాలు 1960 నాటి కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. దానికి ఏడుగురు చాలు.

ట్రేడ్ యూనియన్‌కు కూడా ఏడుగురు సంతకం పెట్టాలి, పైగా ఆ సంస్థ కార్మికుల్లో పదిశాతమో వంద మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. మరి ఈ శ్రమ ఎందుకు అంటే, రెండింటికీ తేడా ఉంది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. బి.పి. వాడియా అధ్యక్షుడు, ముందు నిలిచినవాళ్లలో జి. రామానుజులు నాయుడు ఒకరు. కంపెనీ వాడియా మీద హైకోర్టులో దావా వేసి ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు తెచ్చింది. పనివాళ్ల తరఫున మాట్లాడటమే నేరమా అన్న ప్రశ్న అప్పుడే దేశమంతా లేచింది. 1926 చట్టం వచ్చింది అందుకే. రిజిస్టరైన యూనియన్ నాయకులను, న్యాయమైన యూనియన్ పని చేసినందుకు కుట్ర కేసుల నుంచి, నష్టపరిహారం దావాల నుంచి అది కాపాడింది. ఆ రక్షణ కోడ్‌లోనూ కొనసాగుతోంది. సొసైటీకి ఆ రక్షణ లేదు. వినతిపత్రం ఇవ్వొచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు, ధర్నా చేయొచ్చు. బేరమాడే గుర్తింపు మాత్రం రాదు.

కోడ్ ప్రకారం మస్టర్ రోల్‌లో, అంటే హాజరు పట్టీలో ఉన్న కార్మికుల్లో 51 శాతం సభ్యులుగా ఉన్న యూనియన్‌కు యాజమాన్యంతో మాట్లాడే ఏకైక హక్కు. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం ఉన్నవాళ్లందరూ కలిసి ఒక కౌన్సిల్. ఏజెన్సీ మనుషులు ఏజెన్సీ మస్టర్‌లో ఉంటారు కాబట్టి యూనివర్సిటీ లెక్కలో కనిపించరు. సమ్మెకు 14 రోజుల నోటీసు కావాలి. సగంమంది గానీ అంతకు మించి గానీ కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కేస్తారు, ఇది గుర్తుంచుకోండి. ప్రభుత్వోద్యోగులకైతే సమ్మె హక్కే లేదని 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యూనియన్‌లో చేరినందుకు వేధిస్తే అది కోడ్‌లో నిషిద్ధమైన పద్ధతి, 10,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా పడుతుంది.

మరి కాన్పు సెలవు, లైంగిక వేధింపుల ఫిర్యాదు లాంటివి వర్కర్ అవునా కాదా అన్నదానితో సంబంధం లేకుండా అందరివీ. గత పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన ఆడవాళ్లకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు వస్తుంది. మధ్యలో కాంట్రాక్టు ముగిసినా ఆ ప్రయోజనం ఆగదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వేధింపు జరిగితే మూడు నెలల్లో అంతర్గత కమిటీకి రాసివ్వాలి.

ఒక తలుపు ఎలా తెరుచుకుంది

గ్రాట్యుటీ కథ అధ్యాపకులు తప్పకుండా తెలుసుకోవాలి. 1997 ఏప్రిల్ 3న కేంద్రం గ్రాట్యుటీ చట్టాన్ని విద్యాసంస్థలకు వర్తింపజేసింది. 2004లో సుప్రీంకోర్టు, చట్టంలోని 'ఉద్యోగి' అన్న మాటలోకి టీచర్లు రారంది. మళ్లీ అదే కారణం, నైపుణ్యం ఉన్న పనీ కాదు, గుమాస్తా పనీ కాదు. ఈసారి టీచర్లు ఊరుకోలేదు. 2009లో పార్లమెంటు నిర్వచనాన్ని మార్చి, 1997 నుంచే వర్తిస్తుందని రాసింది. ప్రైవేటు స్కూళ్లు దాన్నీ సవాలు చేశాయి. 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనని చెప్పేసింది.

లెక్క సులువు: చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. అయిదేళ్ల సర్వీసు ఉండాలి. కొత్త సామాజిక భద్రత కోడ్ ప్రకారం నిర్ణీత కాలం ఒప్పందం మీద ఉన్నవాళ్లకు ఒక ఏడాది చాలు. ఇంకో మేలు కూడా జరిగింది. బేసిక్‌ను చిన్నగా చూపించి మిగతాదంతా అలవెన్సులుగా పంచడం మన కాలేజీల అలవాటు. మొత్తం జీతంలో అలవెన్సులు సగానికి మించితే, మించినదాన్ని వేతనంలో కలపాలని కోడ్ అంటోంది. మొత్తం 60,000, బేసిక్ 18,000 ఉన్న లెక్చరరుకు ఎనిమిదేళ్లకు పాత లెక్కలో సుమారు 83,000 వచ్చేది. 30,000 మీద లెక్కేస్తే 1,38,000 దాటుతుంది.

ఇవన్నీ అడగాలంటే చేతిలో కాగితాలుండాలి. అపాయింట్‌మెంట్ ఆర్డరు, ప్రతి నెలా పేస్లిప్పు, టైంటేబుల్, హాజరు స్క్రీన్‌షాట్లు కాలేజీ మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌లో దాచుకోండి; తీసేసిన మరుక్షణం కాలేజీ మెయిల్ పనిచేయదు. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పడుతోందో లేదో మూడు నెలలకోసారి చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి గానీ ఇచ్చేయకండి, ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోండి. నోటిమాటతో పొమ్మంటే ఆ సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి: 'ఈ రోజు ఫలానా సమయంలో నన్ను రావొద్దన్నారు, కారణం చెప్పలేదు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను.' తర్వాత 'వాడే మానేశాడు' అని కాలేజీ అన్నప్పుడు ఆ మెయిలే మీకు సాక్ష్యం. విచారణ లేకుండా, మానేశాడన్న వంకతో ఒక కార్మికుడి పేరు తీసేస్తే అది చెల్లదని 1993లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మా మేష్టారికి గ్రాట్యుటీ కూడా ఇవ్వలేదు, సుప్రీంకోర్టులో కేసు ఉందని వాయిదా వేస్తూ వచ్చారు. 2022 తీర్పు వచ్చిన నెలలో ఆయన, నేను మళ్లీ కార్మిక భవనానికి వెళ్లాం. ఈసారి అర్జీ తీసుకున్నారు. 26,000 వేతనం, ఆరేళ్ల సర్వీసు, 90,000 రూపాయలు. నోటీసు వెళ్లాక కాలేజీ కట్టింది.

ఇప్పుడాయన యలహంక వైపు ఇంకో కాలేజీలో ఉన్నారు. పోయిన నెల ఫోన్ చేసి, పదిమంది లెక్చరర్లం సొసైటీ పెట్టుకుంటున్నాం, బైలా రాస్తున్నాం, అందులో అటెండర్లను, ఆఫీసు వాళ్లను కలుపుకోవచ్చా అని అడిగారు. కలుపుకోవచ్చు సార్ అన్నాను. సభ్యత్వం అన్న చోట 'అధ్యాపకులు' అని రాయకుండా 'బోధన, బోధనేతర సిబ్బంది, ఏజెన్సీ ద్వారా పనిచేసేవారితో సహా' అని రాయమన్నాను. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.